మా వాడి చేత సిగరెట్ మానిపించడానికి పట్టిన ఆరున్నర నెలలు

2025 జూన్ 28, శనివారం. బడి తెరిచి రెండు వారాలు దాటింది. మా పెద్దవాడి యూనిఫాం ప్యాంటు నానబెట్టబోతూ జేబులు తడిమితే ఒక అగ్గిపెట్టె, పుదీనా బిళ్లల కాగితాలు నాలుగు, సగం తాగి ఆర్పేసిన సిగరెట్ పీక బయటపడ్డాయి. వాడికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఆ పీక చేతిలో పెట్టుకుని కుళాయి దగ్గర అలాగే కూర్చుండిపోయాను. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా లేవలేదు.

పొగాకు వాసన మా ఇంటికి కొత్త కాదు. మాది టంగుటూరు వైపు ఊరు. మామగారి కాలం నుంచీ వర్జీనియా పొగాకు వేస్తున్నాం, కోసిన ఆకుని మంట వేడికి ఆరబెట్టే సొంత బ్యారన్ ఉంది. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది తడి ఆకు కోసి, కట్టి, రాత్రికి తల తిరిగి వాంతులు చేసుకున్నాను. ఆకులోని విషం చర్మం నుంచి ఒంట్లోకి ఎక్కితే అలా అవుతుందని తర్వాతెప్పుడో తెలిసింది. మా ఆయన సిగరెట్ తాగుతారు. ఇన్నేళ్లలో అదొక సమస్యని నాకెప్పుడూ తట్టలేదు. కొడుకు జేబులో పీక కనబడ్డాక తట్టింది.

ఆ సాయంత్రం వాణ్ణి కొట్టాను. "నాది కాదమ్మా, ఫ్రెండ్‌ది" అని ఒట్టేశాడు. మా ఆయనకి చెప్పలేదు. చెబితే బెల్టు తీస్తారని భయం. తర్వాత పన్నెండు రోజులూ వాడు ఇంట్లోకి రాగానే నోరు వాసన చూడటం, జేబులు, బ్యాగు వెతకడం నా పని అయిపోయింది. ఏమీ దొరకలేదు. మానేశాడనే అనుకున్నాను. స్నేహితుడి ఇంట్లో చొక్కా మార్చుకుని, నోరు పుక్కిలించి వచ్చేవాడట. నా వెతుకులాట వాడికి దాచడం ఒక్కటే నేర్పింది.

జూలై 10న రాష్ట్రమంతా బళ్లలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. మార్కుల కార్డు చూసుకుని, పిల్లలతో కలిసి భోజనం చేసి వచ్చేస్తుంటే సైన్స్ మేడం నన్ను ల్యాబ్‌లోకి పిలిచారు. "కూర్చోండమ్మా. మీవాడి సంగతి మీకు తెలిసే ఉంటుంది" అన్నారు. నా కళ్లలో నీళ్లు చూసి వివరం చెప్పారు. నలుగురు పిల్లలు. నీళ్ల ట్యాంకు వెనక, బడి వదిలాక. తోటపని పిల్లలు చూసి ఆవిడకి చెప్పారట.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "టీసీ ఇవ్వొద్దు మేడం" అని. నా భయానికి కారణం ఉంది. మా అక్క కొడుకుని అంతకుముందు ఏడాది ఒక ప్రైవేటు స్కూల్లో ఇదే తప్పుకి టీసీ చేతిలో పెట్టి పంపించేశారు. ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడలేదు. వాడు ఇంకో బడిలో చేరలేదు, సిగరెట్టూ మానలేదు. ఇప్పుడు రోజుకి పెట్టె తాగుతున్నాడు. మా హెడ్మాస్టరు గారి మొదటి ఆలోచన కూడా టీసీయేనట. మేడం ఆయన్ని దసరా వరకు గడువు అడిగి తీసుకున్నారు.

నాకు మూడు మాటలు చెప్పారు. కొట్టొద్దు. జేబులు వెతకొద్దు. వాడంతట వాడు చెప్పేదాకా వాళ్ల నాన్నకి చెప్పొద్దు. మొదటి రెండూ ఎలాగో పాటించాను. మూడోది నిప్పు మింగినట్టు ఉండేది. పక్కనే పడుకున్న మనిషికి కొడుకు సంగతి చెప్పకుండా దాదాపు రెండు నెలలు గడిపాను.

పిల్లలకి మేడం చేసే కౌన్సెలింగ్ వెంటనే మొదలవుతుందనుకుంటే పదమూడు రోజులు పట్టింది. నలుగురి ఇళ్ల నుంచీ సంతకాలు కావాలన్నారు. ఒక పిల్లవాడి తండ్రి "మావాడికి అలాంటి అలవాటు లేదు" అని రెండుసార్లు కాగితం తిప్పి పంపారు. మూడోసారి మేడమే ఆయన ఇంటికి వెళ్లారు. ఈ పదమూడు రోజుల్లో వాడు ఇంకెన్ని తాగుంటాడా అని రోజూ లెక్కవేసుకునేదాన్ని.

జూలై 23, బుధవారం మధ్యాహ్నం బెల్లులో మొదటిసారి కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ప్రతి బుధవారం ముప్పై, నలభై నిమిషాలు. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. వాడు తర్వాత చెప్పిందీ, వాడు సరేనన్నాక మేడం చెప్పిందీ రాస్తున్నాను.

కుళ్లిపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తారని పిల్లలు అనుకున్నారట. అలాంటి భయపెట్టే బొమ్మలు పెట్టె మీద రోజూ చూస్తున్నవే. మేడం వాటి జోలికి పోలేదు. ఒక కాగితంలోంచి పది ప్రశ్నలు చదివారు. మానేద్దామనుకుని మానలేకపోయావా? తాగకూడని చోట ఉన్నప్పుడు మనసు నిలవదా? తాగకపోతే చిరాకు వస్తుందా? అలాంటివి. పదింటిలో ఒక్కదానికి అవునన్నా అది నిన్ను పట్టుకోవడం మొదలెట్టినట్టే అన్నారట. మావాడు నాలుగింటికి అవునన్నాడు. రోజుకి రెండో మూడో తాగితే అలవాటు కాదనీ, ఎప్పుడంటే అప్పుడు మానేయొచ్చనీ వాడి నమ్మకం. ఆ రోజు మొదటిసారి భయమేసిందని నాతో అన్నాడు.

తలా ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చారు. వారం పాటు మానొద్దు, తగ్గించొద్దు, తాగిన ప్రతిదీ రాయండి అన్నారు. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎవరితో, అంతకుముందు ఏం జరిగింది అని. ఇది వినగానే నాకు కోపం వచ్చింది. మాన్పిస్తారని పంపితే తాగి రాయమంటారేమిటని మేడంకి ఫోన్ చేసి అడిగేశాను. "ఎప్పుడు తాగుతున్నాడో వాడికే తెలీదమ్మా, ముందు వాణ్ణి చూసుకోనివ్వండి" అన్నారు.

ఆ పుస్తకం వాడు నాకు డిసెంబరులో చూపించాడు. ఆ వారం పదిహేడు సిగరెట్లు. అందులో పదకొండు ఆ ముగ్గురితో కలిసి ఉన్నప్పుడే. ఒక చోట ఇలా ఉంది: "శుక్రవారం 4.40. ట్యాంకు వెనక. నలుగురం. అంతకుముందు ఏమీ లేదు. ఊరికే." ఇంకో చోట: "ఆదివారం రాత్రి 8. ఒక్కడినే. నాన్న ఆకు రేటు గురించి అమ్మ మీద అరిచాడు." 2025లో పొగాకు రైతు ఇళ్లలో ఏం జరిగిందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. వేలం కేంద్రానికి తీసుకెళ్లిన పొగాకు బేళ్లు అమ్ముడుపోక తిరిగొచ్చిన రోజుల్లో ఇంట్లో అన్నం కుండ కదిపినా గొడవే. అదంతా మా ఇద్దరి మధ్యే ఉందనుకున్నాను. వాడు గంటతో సహా రాసుకున్నాడు.

ఎక్కడ మొదలైందో కూడా ఆ పుస్తకం మొదటి పేజీలో ఉంది. ఫిబ్రవరిలో, మా బ్యారన్ దగ్గర. ఆకు కాల్చేటప్పుడు రాత్రంతా మంట చూసుకోవాలి, వేడి తగ్గకూడదు, పెరగకూడదు. అక్కడి మనుషులకి రాత్రి అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మని వాణ్ణి పంపింది నేనే. నిద్ర రాకుండా ఉంటుందని ఎవరో ఒక దమ్ము ఇచ్చారట. దగ్గొచ్చింది. మూడో రాత్రికి దగ్గు రాలేదు. ఈ రెండు వాక్యాలు నేను చాలాసార్లు చదివాను.

మానే రోజు పిల్లలనే పెట్టుకోమన్నారు. రెండు వారాలకి మించి దూరం వద్దు, పండగ రోజు వద్దు అని మాత్రం చెప్పారు. నలుగురూ కలిసి ఆగస్టు 4, సోమవారం అనుకున్నారు. కలిసి తాగేవాళ్లు కలిసి మానితేనే నిలబడుతుందని మేడం మాట. ఒక్కణ్ణి మాన్పించి మళ్లీ ఆ ముగ్గురి మధ్యకే పంపితే ఎన్నాళ్లు ఆగుతాడు?

ఆ మొదటి మూడు రోజుల గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను. సోమవారం సాయంత్రం నాలుగు దాటాక తలనొప్పి అన్నాడు. ట్యూషన్‌కి వెళ్లలేదు. చెల్లెల్ని తోసేశాడు. రాత్రి అన్నం కంచం విసిరేశాడు. వాడు పుట్టాక అలా ఎప్పుడూ చేయలేదు. చేయి ఎత్తి, మేడం మాట గుర్తొచ్చి దించేశాను. సిగరెట్ పెట్టె మీద బొమ్మ కింద ఒక నంబరు ఉంటుంది, 1800-11-2356. టోల్ ఫ్రీ. కష్టమనిపిస్తే చేయమని మేడం రాసిచ్చారు. వాడు నా ఫోన్ నుంచి చేశాడు. పలకలేదు. సోమవారం వాళ్లకి సెలవని మాకు తెలీదు. ఇంకెవరైనా మానే రోజు పెట్టుకుంటే సోమవారం కాకుండా చూసుకోండి.

మంగళవారం దొరికారు. తెలుగులోనే మాట్లాడారు, దాదాపు ఇరవై నిమిషాలు. ఏ టైములో ఎక్కువ లాగుతుంది, ఆ టైములో ఏం చేస్తావు అని అడిగారట. మళ్లీ మేమే చేస్తాం అన్నారు. వాళ్లు చేసినప్పుడు తెలియని నంబరు కదా, ఏ లోను వాళ్లో అనుకుని నేను రెండుసార్లు కట్ చేశాను. తర్వాత ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక తప్పు చేశాను. వాడి బాధ చూడలేక, మేడంని అడక్కుండా మెడికల్ షాపులో నికోటిన్ గమ్ కొన్నాను. స్ట్రిప్పు నూరు రూపాయల పైనే. ఎవరికి, ఎంత వయసని అడగకుండానే ఇచ్చేశారు. వాడు దాన్ని బబుల్ గమ్‌లా గబగబా నమిలి మింగాడు. ఎక్కిళ్లు పట్టుకున్నాయి, కడుపులో తిప్పి వాంతి అయింది. మర్నాడు బడి మాన్పించి ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. తొమ్మిదింటికి చీటీ రాయిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి పన్నెండుంపావు. ఆయన ఒకటే ప్రశ్న వేశారు, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది తాగుతావని. సాయంత్రం నాలుగున్నరకి అని వాడు చెప్పాడు. "లేవగానే కావాలనిపించట్లేదు కదా, నీకు ఈ మందుతో పనిలేదు. ఇది పెద్దవాళ్లకి, అదీ మెల్లగా నమిలి బుగ్గలో పెట్టుకోవాలి. పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదమ్మా" అన్నారు. దారి ఖర్చులు, టిఫిను, ఆ గమ్ కలిపి నాలుగు వందలు దాటింది. మొత్తం ఆరున్నర నెలల్లో నేను పెట్టిన పెద్ద ఖర్చు అదే. బడిలో కౌన్సెలింగ్‌కి ఒక్క రూపాయి తీసుకోలేదు.

గమ్ బదులు జేబులో వేయించిన శనగలు, ఎండబెట్టిన ఉసిరి ముక్కలు పెట్టి పంపేదాన్ని. చేతికీ నోటికీ పని ఉండాలట. బుధవారాల్లో మేడం వాళ్ల చేత ల్యాబ్‌లోని స్టాప్‌వాచ్ పట్టించేవారు. తాగాలనిపించగానే నొక్కడం, నీళ్లు తాగుతూ, గట్టిగా ఊపిరి పీలుస్తూ, అది తగ్గగానే ఆపడం. మావాడికి ఎక్కువలో ఎక్కువ ఆరు నిమిషాలు వచ్చింది. "ఆరు నిమిషాలేనమ్మా, తర్వాత అదే పోతుంది" అని ఇంటికొచ్చి చెప్పాడు. నాకు వాడి మీద నమ్మకం కలిగింది ఆ రోజే.

ఎవరైనా "ఒక్క దమ్ము లాగరా" అంటే ఏమనాలో కూడా నాటకంలా ఆడించారట. మావాడు ముందు అబద్ధాలు వెతికాడు, గొంతు నొప్పి అనీ, అమ్మ చూస్తుందనీ. అబద్ధం చెబితే రేపు మళ్లీ అడుగుతారు, "నేను మానేశా" అని ఆపెయ్ అన్నారు మేడం. ఆ రెండు మాటలు తడబడకుండా అనడానికి వాడికి రెండు వారాలు పట్టింది.

ఆగస్టు 27 బుధవారం వినాయక చవితి వచ్చి ఆ వారం కూర్చోవడం కుదరలేదు. నిమజ్జనం రాత్రి నలుగురిలో ఒకడు మళ్లీ మొదలుపెట్టాడు.

ఈ మధ్యలోనే పిల్లలు సిగరెట్లు కొనే బడ్డీ కొట్టు సంగతి నడిచింది. మేడం పిల్లలకి టేపు ఇచ్చి గేటు నుంచి కొలిపించారు. బడికి నూరు గజాల లోపల, అంటే 91 మీటర్లలో పొగాకు అమ్మకూడదు. ఆ కొట్టు 60 మీటర్లలో ఉంది. పంచాయతీకి కాగితం ఇచ్చాక దాన్ని జరపడానికి ఐదు వారాలు పట్టింది. అది జరిగేలోపు ఒక రోజు నేనే ఉండబట్టలేక వెళ్లాను. "బాబాయ్, మావాడికి ఎలా ఇచ్చావు నువ్వు?" అని అడిగాను. ఆయన నావైపు వింతగా చూశాడు. "వాళ్ల నాన్నకే అనుకున్నానమ్మా. రోజూ తీసుకెళ్లేది వాడేగా."

నిజం. మా ఆయన రోజూ వాడి చేతే తెప్పించుకునేవారు. వాడు ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి. డబ్బులు తీసిచ్చింది చాలాసార్లు నేనే. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మేడంకి చెబితే, ఎవరి కోసం అడిగినా సరే, 18 ఏళ్లు నిండనివాళ్ల చేతికి అమ్మడమే నేరమని చెప్పారు. ఆ చట్టం 2003 నుంచీ ఉందట.

ఆగస్టు 31, ఆదివారం రాత్రి భోజనాలయ్యాక వాడే వాళ్ల నాన్నకి చెప్పాడు. ఏం చెప్పాలో ల్యాబ్‌లో రెండుసార్లు చెప్పుకుని వచ్చాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, అడ్డం వెళ్లడానికి. మా ఆయన అంతా విన్నారు. లేచి పెరట్లోకి వెళ్లి గంటసేపు రాలేదు. వచ్చాక ఒకే మాట అన్నారు. "రేపట్నుంచి నావి నేనే తెచ్చుకుంటా."

దసరా సెలవుల్లో వాడు ఒకటి తాగాడు. బుధవారం వాడే చెప్పాడు. మేడం తిట్టకుండా అంతకుముందు ఏం జరిగిందని మాత్రం అడిగారట. హెడ్మాస్టరు గారు ఇచ్చిన గడువు అక్కడితో అయిపోయింది. కానీ ఆయన అప్పటికి టీసీ మాట ఎత్తడం మానేశారు.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చింది. బడికి సెలవులిచ్చారు. కొత్తగా నాటిన పొగాకు నారు నీళ్లలో మునిగిపోయింది. మా ఆయన వసారాలో కూర్చుని వాన చూస్తూ ఒకదాని తర్వాత ఒకటి తాగుతూ ఉండేవారు. వాడికి బయటికి వెళ్లే దారి లేదు, ఆడుకునే చోటు లేదు. వాళ్ల నాన్న పెట్టెలోంచి తీయడం మొదలుపెట్టాడు. 31వ తేదీకల్లా రోజుకి నాలుగైదు అయ్యాయి. మొదటి కంటే ఎక్కువ. పట్టుబడినప్పుడు వాడే ఏడ్చాడు. "నావల్ల కాదమ్మా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టయింది అనుకున్నాను.

నవంబరు 1న మేడం ఆ బురదలో మా ఇంటికి వచ్చారు. వాడితో అన్న మాటలు నాకు అలాగే గుర్తున్నాయి. "పన్నెండు వారాల్లో ఒక్కటి తాగావు. ఆ పన్నెండు వారాలు ఎక్కడికీ పోలేదు నాన్నా. ఎలా ఆగాలో నీకు తెలుసు. ఈసారి వాన రోజు ఏం చేయాలో కూడా రాసుకుందాం." మా ఆయన్ని మానమని అడగలేదు. పెట్టె ఇంట్లో ఉంచొద్దని మాత్రం అడిగారు. ఆయన తల ఊపారు. అప్పటి నుంచి అది పొలంలో మోటారు గదిలోనే ఉంటోంది. అక్కడిదాకా నడవడం బద్ధకమై ఆయనకీ తగ్గాయి గానీ మానలేదు.

మళ్లీ నవంబరు 2 నుంచి లెక్క మొదలుపెట్టాం. ఈసారి కంచాలు విసరలేదు. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, మూడో రోజు చెల్లెలితో క్యారమ్స్ ఆడాడు. బుధవారాలు రెండు వారాలకి ఒకసారి అయ్యాయి.

డిసెంబరు 5 పేరెంట్ టీచర్ మీటింగ్‌కి ఈసారి మా ఆయన కూడా వచ్చారు. నలుగురిలో ఇద్దరు మానారు, మావాడు, ఇంకొకడు. మూడోవాడు అప్పుడప్పుడు తాగుతున్నాడు, కానీ బుధవారం మానకుండా వస్తున్నాడు. నిమజ్జనం రాత్రి మొదలుపెట్టినవాడు ల్యాబ్‌కే రావడం లేదు. మొదట కాగితం తిప్పి పంపింది వాడి తండ్రే. మేడం ఇంకా ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నారు.

కనుమ నాటికి మావాడికి 75 రోజులు. పరుగులో ముందుకంటే ఆయాసం తక్కువగా ఉందంటున్నాడు. నోట్‌బుక్‌లో ఇప్పుడు తాగిన లెక్క లేదు, తాగాలనిపించి ఆగిన లెక్క రాస్తున్నాడు. పోయిన వారం రెండు.

ఫిబ్రవరిలో మా బ్యారన్ వెలిగిస్తారు. మళ్లీ నారు పోసి, ఆలస్యంగా నాటిన ఆకు. రాత్రి క్యారేజీ నేనే తీసుకెళ్తానని ఇంట్లో చెప్పేశాను. "నేను వెళ్తానమ్మా, చీకట్లో నువ్వు ఒక్కదానివే ఎందుకు? తాగనులే" అంటున్నాడు వాడు. మేడంని అడిగితే, వెళ్తే ఏం జరుగుతుందో వాడినే ముందు రాయమనండి అన్నారు. నిన్న రాత్రి కూర్చుని సగం పేజీ రాశాడు. నేనింకా సరే అనలేదు.